ఎండాకాలంలోనూ పూల తోట కళకళలాడాలంటే?

ప్రశ్న: తిరుపతిలో మాది చిన్న పెరడు. సంక్రాంతి దాకా చామంతి, బంతి నిండుగా పూస్తాయి, మార్చి వచ్చేసరికి అంతా బోసిపోతుంది. ఏడాది పొడవునా రంగులుండాలంటే ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు వేసినవన్నీ చలికాలం పూలేనండీ, అందుకే ఒకేసారి అయిపోతున్నాయి. ముందు పెరట్లో సగం చోటు ఎప్పుడూ పూసే మొక్కలకివ్వండి. మందారం, నూరువరహాలు, బిళ్ళగన్నేరు మన ఎండకి తట్టుకుంటాయి, గోడ పక్కన కాగితపు పూల తీగ పెడితే దానికి నీళ్ళు కాస్త తగ్గించినప్పుడే పూత ఎక్కువ. మల్లెని డిసెంబరు, జనవరిలో కత్తిరించి, ఆకు దూసి, పశువుల ఎరువు వేస్తే సరిగ్గా మీకు బోసిగా అనిపించే మార్చి నుంచే మొగ్గ పడుతుంది. ఆ పని మాత్రం వాయిదా వేయకండి.

చామంతి పూత అయ్యాక పీకేయొద్దు. కాడలు కత్తిరిస్తే మొక్క మొదలు దగ్గర పిలకలొస్తాయి, వాటిని ఎండాకాలం నీడలో కాపాడి జూన్, జులైలో నాటుకోండి. ఇంకో మాట, పగలు తగ్గి రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది కాబట్టి వీధి లైటు వెలుతురు పడే చోట పెట్టొద్దు. బంతి విత్తనాలు జులై నుంచి మూడేసి వారాలకోసారి కొన్ని కొన్ని చల్లండి. ఈశాన్య రుతుపవనాల వానలకి కుండీల్లో నీళ్ళు నిలవకుండా చూసుకుంటే చాలు.