ఫుల్ ఫ్రేమ్‌కి మారితే రాత్రి ఫొటోల్లో నాయిస్ తగ్గుతుందా?

క్రాప్ బాడీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా), దాంతో పాటే వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో రాత్రిపూట ఇంట్లో పిల్లల ఫొటోలు తీస్తే అన్నీ నాయిస్‌తో, అంటే చుక్కలు చుక్కలుగా గరుగ్గా వస్తున్నాయని, ఫుల్ ఫ్రేమ్ కొంటే పోతుందా అని అడిగారు. కొంత తగ్గుతుంది. కానీ మీ దగ్గర అడ్డం పడుతున్నది సెన్సర్ కంటే ఎక్కువగా లెన్సే.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ సెన్సర్లు సుమారు 23.5×15.6, కెనాన్‌ది ఇంకాస్త చిన్నది. వైశాల్యంలో తేడా దాదాపు 2.4 రెట్లు, అంటే ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు కావడం) పైన కొంచెం. రెండూ ఒకే తరం సెన్సర్లయితే ఫుల్ ఫ్రేమ్‌లో 6400 ఐఎస్ఓ (ఫొటోని కెమెరా ఎంత వెలిగించాలో చెప్పే అంకె, పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది) దగ్గర తీసింది, క్రాప్‌లో 2700 ప్రాంతంలో తీసినట్టు ఉంటుంది. బాడీ మార్చినందుకు దక్కేది ఇంతే.

ఇప్పుడు లెన్స్ సంగతి. మీ కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే ఎపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, అంత పెద్దది). అదే బాడీకి ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) తగిలిస్తే సుమారు 10 రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. 1/60 సెకను షట్టర్‌తో ఐఎస్ఓ 6400 అడిగిన చోట 640 చాలు. అయితే ఆ లాభమంతా ఐఎస్ఓ తగ్గించడానికే వాడేయకండి. కదిలే పిల్లలకి 1/60 చాలదు, 1/250 అయినా కావాలి. అప్పుడు ఐఎస్ఓ 2500 దగ్గర ఆగుతుంది, ముఖం కూడా చెదరదు. క్రాప్‌లో 50 ఎంఎం లెన్స్ 75-80 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి చిన్న గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డం. 35 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోండి.

కొనేముందు పాత ఫొటోలు ఓ యాభై తెరిచి ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ చూడండి. అన్నిట్లోనూ ఎపర్చర్ లెన్స్ తెరుచుకోగల చివరి హద్దులోనే ఉంటే మార్చాల్సింది లెన్స్. ఎఫ్/1.8లో కూడా 6400 దాటుతుంటే అప్పుడు ఫుల్ ఫ్రేమ్ సబబు. ఐఎస్ఓ 1600 లోపే ఉండి కూడా గరుగ్గా ఉంటే, చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్‌లో పైకి లాగుతున్నారన్నమాట. నీడల్లో నాయిస్ అక్కడే బయటపడుతుంది. దానికి ఏ కెమెరా కొన్నా మందు లేదు, తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ సరిచూసుకోవాలి.

చాలామంది పొరబడేది జూమ్‌ల దగ్గర. ఫుల్ ఫ్రేమ్ కొని, డబ్బు సరిపోక 24-105 ఎఫ్/4తో సరిపెట్టుకుంటారు. క్రాప్‌లో 17-55 ఎఫ్/2.8 వాడేవాళ్లకీ వీళ్లకీ తక్కువ వెలుతురులో తేడా దాదాపు సున్నా, ఎందుకంటే సెన్సర్ ఇచ్చిన స్టాప్‌ని లెన్స్ తినేసింది.

ఇంకో మెలిక డెప్త్. ఫుల్ ఫ్రేమ్‌లో 85 ఎంఎం, ఎఫ్/1.8, రెండు మీటర్ల దూరం అనుకోండి: ఫోకస్‌లో ఉండే మందం ఆరు సెంటీమీటర్లే. ఒక్కరి పోర్ట్రెయిట్‌కి అద్భుతం. పక్కన కూర్చున్న రెండోవాళ్లు కాస్త వెనక్కి ఉంటే మసకే. ఇద్దరూ స్పష్టంగా రావాలని ఎపర్చర్ మూస్తే ఐఎస్ఓ పెంచాలి, అదనంగా కొనుక్కున్న స్టాప్ అక్కడే కరిగిపోతుంది.

పక్షుల ఫొటోలకైతే నా ఓటు క్రాప్‌కే. 400 ఎంఎం లెన్స్ పెట్టినా పక్షి ఫ్రేమ్‌లో ఓ మూలన ఉంటుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో తీసి 1.5 రెట్లు క్రాప్ చేస్తే మిగిలేది 10-11 మెగాపిక్సెల్, క్రాప్ బాడీలో 24 పూర్తిగా అక్కడే ఉంటాయి.

మారాలనే అనుకుంటే మీ లెన్సుల మీద రాసింది చదవండి. నికాన్ డీఎక్స్, సోనీ క్రాప్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ బాడీకి ఎక్కుతాయి గానీ 24 మెగాపిక్సెల్ బాడీలో ఫొటో అదే 10-11 మెగాపిక్సెల్‌కి పడిపోతుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ (క్రాప్) లెన్సులు ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి అసలు బిగవవు. ఫ్యూజీ ఎక్స్‌లో ఫుల్ ఫ్రేమ్ బాడీయే లేదు, కాబట్టి బ్యాగు మొత్తం అమ్మి కొత్తగా మొదలుపెట్టాల్సిందే.