ఆ డిపాజిట్‌ను కారు కోసం తీయకండి

ప్రశ్న: మా కారుకు 11 ఏళ్లు నిండాయి. క్లచ్, టైమింగ్ బెల్ట్, ముందు సస్పెన్షన్ మార్చాలని, అన్నీ కలిపి మా నెల ఆదాయంలో మూడో వంతు దాకా అవుతుందని మెకానిక్ చెప్పారు. పాత బండి మీద అంత ఖర్చు పెట్టే బదులు ఎక్కువ ఎయిర్‌బ్యాగులు, కెమెరాలు, ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉన్న కొత్త కారు కొందామనుకుంటున్నాం. దాని ధర మా ఇద్దరి 14 నెలల ఆదాయంతో సమానం. అందులో 80 శాతానికి 9 శాతం వడ్డీతో ఏడేళ్ల లోన్ ఇస్తామన్నారు. డౌన్ పేమెంట్‌కు రెండు నెలల ఆదాయమంత ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, తగ్గినది పర్సనల్ లోన్ తీసుకుంటాం. నాది పర్మనెంట్ ఉద్యోగం, మా వారిది ఏటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు. ఆదాయంలో 40 శాతం ఆయనది. ఇంటి లోన్‌కు 30 శాతం, ఇంటి ఖర్చులకు సగం పోగా 20 శాతం మిగులుతోంది. ఇద్దరు పిల్లలు, అత్తమామలు మాతోనే ఉంటారు. షోరూమ్ వారు చెప్పిన తగ్గింపు నెలాఖరుతో ముగుస్తుంది. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు. కొత్త కారు కోరుకోవడంలో తప్పేమీ లేదు, పిల్లల భద్రత గురించి మీరు పడుతున్న ఆందోళన కూడా న్యాయమైనదే. నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరం మధ్యలో, ఏదో చిన్న విషయమన్నట్టు రాసిన ఒక వాక్యం. డౌన్ పేమెంట్‌కు డిపాజిట్ ఉందన్నారు. మీ వివరాలను బట్టి చూస్తే మీ కుటుంబానికి ఉన్న అత్యవసర నిధి మొత్తం అదే. బ్యాంకులో ఖాళీగా కనిపిస్తున్న డబ్బు కాబట్టి దానిని వాడుకోవచ్చనుకోవడం ఎన్నో ఇళ్లలో జరుగుతున్న పొరపాటు, అందుకే మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ ఇద్దరి నెల ఆదాయాన్ని 100 అనుకుందాం. కారు ధర 1400, లోన్ 1120, ఏడేళ్ల పాటు నెలకు కట్టవలసిన కిస్తీ 18. డౌన్ పేమెంట్ 280 కావాలి, డిపాజిట్ 200 ఉంది, మిగిలిన 80కి పర్సనల్ లోన్. దానిని 14 శాతం వడ్డీతో మూడేళ్లలో తీర్చాలన్నా నెలకు 3కు కాస్త తక్కువ కట్టాలి. ఇంటి లోన్‌కు కడుతున్న 30ని కలిపితే కిస్తీలే 51 దగ్గరకు చేరతాయి. ఇంటి ఖర్చులు 50. అంటే ఏ ఇబ్బందీ రాని మామూలు నెలలో కూడా మీకు మిగిలేది ఏమీ ఉండదు, పైగా కొత్త కారుకు కట్టవలసిన బీమా ప్రీమియం ఈ లెక్కలోకి ఇంకా రాలేదు.

ఇప్పుడు మీ వారి కాంట్రాక్టు రెన్యువల్ కాలేదనుకోండి. అలా జరగాలని ఎవరమూ కోరుకోము, కానీ ఏటా ఒకసారి ఎదురయ్యే ప్రశ్నను లెక్కలో నుంచి తీసేయలేము. కారు కొనకుండా ఉంటే మీ జీతం 60, ఖర్చులు, ఇంటి లోన్ కలిపి 80, కాబట్టి నెలకు 20 తక్కువ పడుతుంది. డిపాజిట్‌లోని 200 ఆ లోటును 10 నెలల పాటు మోస్తుంది. ఆయన తొందరపడి దొరికిన ఉద్యోగంలో చేరిపోకుండా, తన అనుభవానికి తగినది వెతుక్కునేందుకు సరిపోయే గడువు అది. కారు కొన్న తర్వాత అదే పరిస్థితి వస్తే 60లో 51 కిస్తీలకే పోతుంది, ఆరుగురు ఉన్న ఇల్లు 9తో గడవాలి, నెలనెలా 41 లోటు ఉంటుంది, దానిని పూడ్చడానికి డిపాజిట్ ఉండదు. అలాంటప్పుడు జనం వెళ్లేది క్రెడిట్ కార్డు దగ్గరికో మరో పర్సనల్ లోన్ దగ్గరికో, ఉద్యోగం పోయిందని తెలిసిన తర్వాత అప్పు ఇచ్చేవారు అడిగే వడ్డీ కూడా ఇప్పటిలా ఉండదు. అప్పుడు నిధి కూడబెట్టుకోవాలనుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే అవుతుంది.

10 నెలలు గడుస్తుందన్న మాట విని కూడా నిశ్చింతగా ఉండకండి. ఆ లెక్కలో ఆస్పత్రి ఖర్చు లేదు, మీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. మీలాంటి కుటుంబానికి ఖర్చులు, కిస్తీలు కలిపి కనీసం ఆరు నెలలకు సరిపడా నిధి ఉండాలని నేను గట్టిగా చెబుతాను. అంటే 480. ప్రస్తుతం మీ దగ్గర అందులో సగం కూడా లేదు. నిధిని పెంచుకోవలసిన సమయంలో దానిని ఖాళీ చేసే ఆలోచన చేస్తున్నారు.

డౌన్ పేమెంట్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవడం గురించి మెత్తగా చెప్పలేను. డౌన్ పేమెంట్ అడగడంలో ఉద్దేశమే కొనేవారి సొంత సొమ్ము కొంత అందులో ఉండాలని. దానినీ అప్పుతో కట్టడమంటే ఆ కారు మీ స్తోమతకు మించినదని మీ లెక్కే చెబుతున్నా వినకపోవడం. దరఖాస్తు ఇచ్చి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకోండి. కిస్తీ తగ్గుతుందని ఏడేళ్ల గడువుకు ఒప్పుకోవడం కూడా అలాంటిదే. మొదటి ఏడాదిలో మీరు కట్టే 216లో 96 వడ్డీకే పోతుంది, ఏడాది తర్వాత కూడా లోన్ 1000 మిగిలే ఉంటుంది. ఆ లోపు కారు విలువ ఎలాగూ పడిపోతుంది, ధరలో కలిసి ఉన్న పన్నులు, రిజిస్ట్రేషన్ ఖర్చు తిరిగి రావు. పెద్ద ప్రమాదంలో బండి పనికిరాకుండా పోతే బీమా కంపెనీ సాధారణంగా అప్పటి విలువనే చెల్లిస్తుంది, మీ లోన్ బాకీ ఎంతో చూడదు. మొత్తం ఏడేళ్లలో మీరు చెల్లించే వడ్డీ 394, అంటే మీ ఇంటిల్లిపాదికీ వచ్చే దాదాపు నాలుగు నెలల ఆదాయం.

మరి పాత కారును ఏం చేయాలి? బాగు చేయించండి. మెకానిక్ చెప్పిన ఖర్చు 33, మీకు నెలకు 20 మిగులుతోంది, కాబట్టి డిపాజిట్ ముట్టుకోకుండా రెండు నెలల మిగులుతోనే అది తీరిపోతుంది. అన్నింటికంటే ముందు టైమింగ్ బెల్ట్ మార్పించండి. చాలా ఇంజిన్లలో ఆ రబ్బరు బెల్ట్ నడుస్తుండగా తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, అప్పుడు అయ్యే ఖర్చు ముందు ఈ 33 లెక్కలోకే రాదు. సస్పెన్షన్ రెండోది, బండి అదుపు దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి దానినీ సాగదీయకండి. భద్రత గురించి అడిగారు కనుక టైర్లు కూడా చూసుకోండి. పక్క గోడ మీద అండాకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం. తక్కువ తిరిగిన బండిలో గాడి అరగకపోయినా రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. కొత్త కారులోని ఆధునిక సదుపాయాల విలువను నేను తక్కువ చేయడం లేదు, కానీ మంచి టైర్లు, సరైన బ్రేకులు, వెనక సీటులో కూడా పెట్టుకునే సీటు బెల్టులు ఈ వారమే మీ పిల్లలకు అందగల భద్రత.

ఒక్క మినహాయింపు ఉంది. ఛాసిస్ తుప్పు పట్టిందని గానీ, పాత ప్రమాదంలో దెబ్బతిన్న ఫ్రేమ్ నమ్మదగినది కాదని గానీ మరో మెకానిక్ కూడా తేల్చితే ఆ కారును నడపకండి. అప్పుడు కూడా డిపాజిట్ తీయకుండా, చిన్న లోన్‌తో, మూడు నాలుగేళ్ల వయసున్న బండి చూసుకోండి. లీజు మీ విషయంలో పెద్దగా ఉపయోగపడదు, అది కూడా మరో నెలసరి భారమే.

మరమ్మతు అయ్యాక నెలకు మిగిలే 20ని 14 నెలలు డిపాజిట్‌కు కలిపితే 480 పూర్తవుతుంది. తర్వాత మరో 15 నెలలు అదే మొత్తాన్ని కారు కోసం విడిగా దాస్తే 300 చేతికి వస్తుంది. అప్పటికి 850 ధరలో ఉన్న కారును ఎంచుకుంటే 550 లోన్ చాలు, 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు కిస్తీ 12 లోపే ఉంటుంది, పాత కారు అమ్మితే వచ్చేది ఇంకా తగ్గిస్తుంది. నెలాఖరు తగ్గింపు పోతుందని బాధపడకండి. మీరు దాచిన 300 ఇవ్వగల వెసులుబాటు ముందు ఆ తగ్గింపు ఎంతటిది? ఏ లోన్ తీసుకున్నా దానికి తగ్గట్టు మీ ఇద్దరి జీవిత బీమా మొత్తాన్ని పెంచుకోండి, అత్తమామల ఆరోగ్య బీమా గడువు దాటకుండా చూసుకోండి.

చివరిగా ఆ డిపాజిట్ పత్రాన్ని ఒకసారి బయటికి తీసి చూడండి. అది ఒక్కరి పేరు మీదే ఉంటే రెండోవారిని కూడా చేర్చండి, నామినీ పేరు సరిచూసుకోండి, గడువుకు ముందే తీస్తే ఎంత కోత పడుతుందో, డబ్బు ఎన్ని రోజుల్లో చేతికి వస్తుందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. మొత్తం ఒకే డిపాజిట్‌గా ఉంటే నాలుగు భాగాలుగా విడదీసి పెట్టండి, అవసరం చిన్నదైనప్పుడు ఒక్క భాగాన్ని మాత్రమే తీయవచ్చు.