కాలువ ఎటు పారాలో ఎవరిని అడగాలి?

నగర ప్రణాళికల్లో సామాన్యుల మాటకు నిజంగా విలువ ఉంటుందా, ఇంజనీర్లకు తెలియనిది వారికేం తెలుస్తుంది అని మీరు అడిగారు. నెల్లూరులో మా వీధి సైడు కాలువ విషయంలో నాకు ఎదురైన అనుభవం చెబుతాను.

కొలతలు తీసుకునేవారు 2022 మే నెలలో వచ్చారు. మా జిల్లాలో వానలు ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో. కనుక వారు చూసింది ఎండిన నేలను. అంతకుముందు నవంబరులో పెన్నకు వరద వచ్చిన రోజుల్లో గోడలపై పడిన నీటి మరకలు కూడా సంక్రాంతి సున్నాల కింద కలిసిపోయాయి. రోడ్డు వాలు తూర్పుకు ఉందని వారి పరికరం చూపింది, అది అబద్ధమేమీ కాదు. అయితే వాయుగుండం పట్టినప్పుడు పడమటి ఖాళీ స్థలాల నీరు వీధిలోకి వచ్చి, పూడిపోయిన పాత పంట కాలువ జాడ వెంట ఉత్తరానికి మళ్లుతుందని, ఇళ్లు లేవకముందు అక్కడ గేదెలను మేపిన పాలాయనకు తెలుసు.

నోటితో చెప్పినప్పుడు ఆ మాటను ఎవరూ రాసుకోలేదు. ఆ ఏడాది వానల్లో నీరు నిలిచిన ఎత్తును గోడలపై రంగుతో గీసి (సుద్దతో గీసినది మరునాటికే కడిగిపోయింది), తేదీ, గంట వేసి, ఫోటోలతో అర్జీ ఇచ్చాక ఒక ఇంజనీరు వచ్చి వీధంతా నడిచి చూశారు. కల్వర్టు (రోడ్డు కింద నుంచి నీరు దాటే దారి) చోటు మారింది.

మా మాట మొత్తం సరైనదని మాత్రం చెప్పలేను. కాలువ వెడల్పు పెంచమని మేము పట్టుబట్టాము. దిగువన తూము ఇరుకుగా ఉన్నందున అలా చేస్తే నీరంతా కింది వీధి ఇళ్లలోకి చేరుతుందని ఆ ఇంజనీరు మాకు చూపించారు. మలుపు దాటాక నీరు ఏమవుతుందో మాలో ఎవరూ ఎన్నడూ వెళ్లి చూడలేదు.

74వ రాజ్యాంగ సవరణతో 1993లో అమలులోకి వచ్చిన 243ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలికల్లో వార్డు కమిటీలు ఉండాలి. నెల్లూరు ఆ కోవలోనిదే. నా దృష్టిలో అటువంటి కమిటీని అంచనాలు తయారు కాకముందే కూర్చోబెట్టాలి, ఎందుకంటే టెండరు పిలిచాక ఇచ్చిన సూచన ఎంత మంచిదైనా పనికి అడ్డుపడటంగానే కనిపిస్తుంది.

మీ వీధిలో ఇటువంటి అర్జీ పెట్టదలిస్తే కింది వీధివారిని కూడా కలుపుకోండి. మేము ఆ పని చేయలేదు.