ట్యూషన్‌లో పిల్ల నోరు విప్పడం లేదా?

ప్రశ్న: ఏడో తరగతి చదువుతున్న అమ్మాయికి వారానికి మూడు రోజులు, రోజుకో గంట చొప్పున ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. వ్యాకరణం బాగానే రాస్తుంది. మాట్లాడమంటే మాత్రం ‘ఎస్’, ‘నో’లతో సరిపెట్టి, అరగంట దాటేసరికి గడియారం వైపు చూస్తుంది. పదాల ఆటలు కొన్ని ఆడించాను, అవీ రెండు రోజులకే పాతబడ్డాయి. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: కొత్త ఆటల కోసం వెతికే ముందు, మీరు అడుగుతున్న ప్రశ్నలను ఒకసారి పరిశీలించుకోండి. ఎదురుగా ఉన్న పుస్తకాన్ని చూపించి ‘ఇది ఏ రంగు’ అని అడిగితే, మీకు కనిపిస్తున్న సంగతినే మీకు చెప్పాలని ఏ పిల్లకైనా ఎందుకు అనిపిస్తుంది? ఆమెకు తెలిసినది మీకు తెలియనప్పుడే మాటకు అవసరం పుడుతుంది.

అందుకు నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ఆరు చిన్న తేడాలున్న రెండు బొమ్మలు తీసుకుని, ఒకటి ఆమెకిచ్చి, రెండోది మీ దగ్గర ఉంచుకోండి. ఒకరి బొమ్మ మరొకరు చూడకుండా, ఇంగ్లీషులో ప్రశ్నలు అడుగుతూ ఆ తేడాలన్నీ పట్టుకోవాలి. ‘ఈజ్ దేర్ ఎ క్యాట్ అండర్ ద టేబుల్?’ అని అడగనిదే ఆట ముందుకు సాగదు కాబట్టి, ‘అండర్’, ‘బిహైండ్’, ‘బిట్వీన్’ వంటి మాటలు పదేపదే ఆమె నోట వస్తాయి. మనం ‘బల్ల కింద’ అని పేరు తరవాత చెప్పేదాన్ని ఇంగ్లీషు పేరుకు ముందే చెబుతుంది. నియమంగా వివరిస్తే జారిపోయే ఈ తేడా, ఇలా వాడుతూ పోతే నిలుస్తుంది. బొమ్మలు మారుతుంటాయి కనుక ఆట అంత త్వరగా పాతబడదు.

ఇక ‘ఎస్’, ‘నో’ల సంగతి. అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో సైన్సు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లకు పైగా ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని 1970ల్లో వెల్లడించారు. పరాయి భాషలో వాక్యం కూర్చుకునే పిల్లకు ఇంకా ఎక్కువ సమయమే కావాలి. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా అనిపించినా, దయచేసి జవాబు అందించకండి.

ధారాళత కోసం ‘4-3-2’ అనే అభ్యాసం ఉంది: ఒకే విషయాన్ని ముందు నాలుగు నిమిషాలు, తరవాత మూడు, చివరికి రెండు నిమిషాలలో చెప్పడం. ఈ వయసుకు రెండు నిమిషాలు, ఒకటిన్నర, ఒకటి చాలు. ప్రతిసారీ వినేవారు మారాలి కాబట్టి, ఒకసారి మీరు వినండి, ఒకసారి ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టండి.

ఆమె మాట్లాడుతున్నంతసేపు తప్పులు దిద్దవద్దు. కాగితం మీద రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో రెండు మూడు మాత్రమే చూపించండి, మిగిలినవి మరో రోజు చూడవచ్చు. నెల గడిచాక తేడాల బొమ్మలను ఆమెనే గీసి తెమ్మనండి. అప్పుడు ప్రశ్నలకు తడుముకోవడం మీ వంతవుతుంది.