పిండి బస్తా తిన్న గేదె: ఇక పాతర గడ్డి మానేయాలా?

ప్రశ్న: మా పాడి గేదె రాత్రి పలుపు తెంపుకొని మొక్కజొన్న పిండి బస్తా మీద పడి చాలావరకు తినేసింది. తెల్లారేసరికి మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. మధ్యాహ్నానికి పుల్లటి కంపుతో నీళ్లలా పారుకుంది. పశువైద్యుడు వచ్చి కడుపులో ఆమ్లం పెరిగిందని చెప్పి చికిత్స చేశారు. నాలుగు రోజులకు తేరుకొని ఇప్పుడు కొద్దికొద్దిగా తింటోంది. నేను రోజూ వేసే పాతర గడ్డి (గాలి తగలకుండా పాతరేసి పులియబెట్టిన పచ్చి మేత) కూడా పుల్లగానే ఉంటుంది, అందులోనూ ఆమ్లమే ఉంటుందట. దాన్ని పూర్తిగా మానేయాలా? దాణాలో రోజూ వంట సోడా కలపమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పాతర గడ్డిని మానేయవద్దు. ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలిపించారు కాబట్టి గేదె దక్కింది, సంతోషం. అయితే రెండు పులుపులనూ ఒకే గాటన కట్టి మంచి మేతను పోగొట్టుకుంటారేమోనని నా ఆందోళన. రెండు చోట్లా ఉన్నది లాక్టిక్ ఆమ్లమే. అది ఎంత వేగంగా పుట్టింది, తట్టుకోవడానికి పొట్టకు ఎంత వ్యవధి దొరికింది అన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

పశువు కడుపులో నాలుగు గదులుంటాయి. వాటిలో మొదటిదైన పెద్ద పొట్ట గోడల్లో ఆమ్లం ఊరే గ్రంథులు ఉండవు. మన కడుపులో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పశువులో నాలుగో గదిలో మాత్రమే ఊరుతుంది. పెద్ద పొట్టలో ఆమ్లాలను తయారు చేసేవి అక్కడ కాపురముండే సూక్ష్మజీవులు. గడ్డిలోని పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే మూడు ఆమ్లాలుగా మారుస్తాయి. పొట్ట గోడలు వాటిని పీల్చుకుంటాయి. పశువుకు అందే శక్తిలో దాదాపు 70 శాతం వీటి నుంచే వస్తుంది, పాలలోని వెన్నలో పెద్ద భాగం కూడా వీటి చలవే. అంటే ఆమ్లం మీ గేదెకు నిత్యాహారం.

ఆ ఆమ్లం హద్దు మీరకుండా కాపాడేది లాలాజలం. ఎదిగిన పశువు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. అందులోని బైకార్బొనేట్, ఫాస్ఫేట్ లవణాలు ఆమ్లాన్ని విరుస్తాయి. అది బాగా ఊరాలంటే పశువు నమలాలి, నెమరు వేయాలి. పొడుగు పీచున్న మేత ఉంటేనే నెమరు సాగుతుంది. పిండిని నమలాల్సిన పనే లేదు, నేరుగా లోపలికి పోతుంది.

ఆమ్లతను పీహెచ్ అనే కొలతతో చెబుతారు. మామూలుగా పెద్ద పొట్టలో అది 6, 7 మధ్య ఉంటుంది. ఈ కొలతలో ఒక అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు, రెండు అంకెలు తగ్గితే వంద రెట్లు పెరిగినట్టు. మీ గేదె తిన్న పిండిలో పిండిపదార్థం సూక్ష్మజీవులకు సులువుగా అందేలా ఉంది. నలగని గింజలైతే ఇంత వేగంగా పులిసేవి కావు. స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా గంటల్లోనే విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఇందాక చెప్పిన మూడింటి కంటే ఇది సుమారు పది రెట్లు బలమైన ఆమ్లం. పీహెచ్ 6 దిగగానే పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు నీరసిస్తాయి. 5 దాకా జారితే అవి చచ్చిపోతాయి, ఆమ్లాన్ని తట్టుకునే లాక్టోబాసిల్లస్ జాతి రాజ్యమేలుతుంది. అక్కడి నుంచి పొట్ట తనంతట తాను కోలుకోవడం కష్టం.

ఆ దశలో పొట్టలోని ద్రవం చిక్కబడి ఒంట్లోని నీటిని లోపలికి లాగేస్తుంది. అందుకే ఎడమ డొక్క నీళ్లతో నిండి కదిపితే గలగలమంటుంది, కళ్లు మాత్రం గుంటలు పడతాయి. మొదటి రోజు నీళ్లు ఎక్కువ తాగనివ్వవద్దని మీ వైద్యుడు చెప్పి ఉంటే కారణం ఇదే. దాహంతో ఉన్న పశువును ఆపడం మనసుకు కష్టంగా ఉంటుంది కానీ, ఆ కొద్ది గంటలు ఆపడం అవసరం. రక్తంలో తగ్గిన నీటిని సెలైన్, బైకార్బొనేట్ ద్రావణాలతో నరంలోకి ఎక్కిస్తారు.

ఇక పాతర గడ్డి. 20 కిలోలు వేస్తే అందులో నీరు పోగా మిగిలే ఎండు పదార్థం ఆరేడు కిలోలు, దాంతో పాటు దాదాపు 300 గ్రాముల లాక్టిక్ ఆమ్లం లోపలికి పోతుంది. వినడానికి ఎక్కువే. కానీ అది రోజంతా పూటపూటగా, నమిలిన పీచుతో, లాలాజలంతో కలిసి చేరుతుంది. పైగా అలవాటు పడ్డ పొట్టలో మెగాస్ఫీరా ఎల్స్‌డెనీ అనే సూక్ష్మజీవి లాక్టిక్ ఆమ్లాన్నే తిని ప్రొపియోనిక్ ఆమ్లంగా మార్చేస్తుంది, అది పశువుకు శక్తినిస్తుంది. ఈ జాతి తగినంత పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏ మేతనైనా మెల్లగా అలవాటు చేయాలని మేం పదే పదే చెప్పేది ఇందుకే. కంకులతో సహా కోసి పాతర వేసిన మొక్కజొన్న అయితే అందులో గింజ కూడా ఉంటుందని మరిచిపోకండి, ఆ మేరకు దాణా తగ్గించాలి.

మీ గేదె పొట్టలో ఇప్పుడు మేలు చేసే సూక్ష్మజీవులు చాలావరకు నశించి ఉంటాయి. కాబట్టి కొన్ని రోజులు మంచి ఎండు గడ్డే ప్రధానంగా వేయండి. తర్వాత పాతర గడ్డిని ఒకటి రెండు కిలోలతో మొదలుపెట్టి రెండు వారాల్లో పాత మోతాదుకు తీసుకురండి. దాణాను అన్నిటికంటే చివర, విడతలుగా పెంచండి. ఆకలి మందంగానే ఉంటే ఆరోగ్యంగా ఉన్న మరో పశువు పెద్ద పొట్ట ద్రవాన్ని గొట్టం ద్వారా ఎక్కించమని వైద్యుణ్ణి అడగండి. అందులోని సూక్ష్మజీవులు మళ్లీ నిలదొక్కుకుంటాయి.

కోలుకుందని ఏమరుపాటు వద్దు. ఆమ్లానికి పుండుపడ్డ పొట్ట గోడ గుండా క్రిములు కాలేయానికి చేరి చీముగడ్డలు కట్టవచ్చు. గిట్టల లోపలి పొరలు వాచి పశువు కుంటవచ్చు. జ్వరం, మళ్లీ మేత మానడం, గిట్టలు వేడిగా ఉండటం, అడుగు ఆచితూచి వేయడం కనిపిస్తే వెంటనే చూపించండి.

వంట సోడా విషయంలో ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. దాణా ఎక్కువగా తినే, పాలు ఎక్కువగా ఇచ్చే పశువుకు రోజుకు 100 నుంచి 150 గ్రాములు దాణాలో కలపడం మేలే. మేతలో గడ్డే ఎక్కువైతే దాని అవసరం లేదు, లాలాజలమే ఆ పని చేస్తుంది. ఈనడానికి ముందు వారాల్లో మాత్రం ఇవ్వకండి, అందులోని సోడియం వల్ల పాలజ్వరం (ఈనిన సమయంలో రక్తంలో కాల్షియం పడిపోవడం) ముప్పు పెరుగుతుంది. పొట్ట ఉబ్బి మగతగా ఉన్న పశువుకు సోడా నీళ్లు సీసాతో గొంతులో పోయడం ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాతో చనిపోవచ్చు, సోడా ఆమ్లంతో కలిసి వదిలే వాయువు ఉబ్బరాన్ని ఇంకా పెంచుతుంది. ఇంకెప్పుడైనా పశువు గింజో పిండో ఎక్కువగా తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. మిగిలినది తీసేసి, ఎండు గడ్డి వేసి, ఏది ఎంత తిన్నదో వైద్యుడికి చెప్పండి. లక్షణాలు బయటపడేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి.

పాతర గడ్డి నాణ్యతను మీరే చూసుకోవచ్చు. 25 గ్రాముల గడ్డిని 225 మి.లీ. స్వేదన జలంలో అరగంట నానబెట్టి, వడగట్టి, పీహెచ్ కాగితం ముంచండి. మామూలు లిట్మస్ కాగితం ఆమ్లం ఉందని చెబుతుందే తప్ప ఎంతో చెప్పదు. 3 నుంచి 6 వరకు విడివిడిగా రంగులు చూపే కాగితం కావాలి. ఈ పీహెచ్ కొలతను 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ రూపొందించింది కూడా బీరు తయారీకి అనుబంధంగా నెలకొన్న కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే. పులియడాన్ని అర్థం చేసుకోవడానికి దీనికి మించిన సాధనం మాకు ఇప్పటికీ లేదు. మొక్కజొన్న పాతరకు 3.8 నుంచి 4.2 మధ్య వస్తే నిశ్చింతగా వేయండి. 5 దాటి, ముక్కిన వెన్న వాసన వస్తే గాలి చొరబడో తేమ ఎక్కువయ్యో చెడు క్రిములు పెరిగినట్టు. అలాంటిదీ, బూజు పట్టినదీ పశువుకు వేయకండి.

పాతర అడుగు నుంచి కారే రసం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. అదీ బలంగా పుల్లనిదే. సిమెంటును తినేస్తుంది. వాగులోనో చెరువులోనో కలిస్తే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టే పనిలో నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, చేపలు చచ్చిపోతాయి. కోసిన పైరును కొంచెం వాడ్చి, తేమ 65 నుంచి 70 శాతం ఉన్నప్పుడు పాతర వేస్తే రసం దాదాపు కారదు. అప్పటికే కారుతుంటే గుంటలో పట్టి, నీళ్లు బాగా కలిపి, బావికి దూరంగా ఉన్న పొలంలో పలుచగా చల్లండి.