ధరలకు ప్రభుత్వం హద్దు పెడితే తప్పేంటి?

"సరుకుల ధరలు మండిపోతుంటే ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించేస్తే సరిపోతుంది కదా, స్వేచ్ఛా మార్కెట్ వాదులు ఎందుకు వద్దంటారు?" అని అడిగారు.

ఎందుకంటే వాళ్ల దృష్టిలో ధర అంటే ఒక కబురు. వస్తువు కరువైతే ధర పెరుగుతుంది. కారణం తెలియకపోయినా కొనేవాళ్లు పొదుపుగా వాడతారు, తయారీదారులు ఉత్పత్తి పెంచుతారు. ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హయెక్ 1945లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: కోట్లమంది దగ్గర చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని ఏ ప్రణాళికా సంఘమూ ఒక్కచోట పోగెయ్యలేదు. ఈ వాదానికి గట్టి జవాబు నాకింతవరకు కనబడలేదు.

ధరను తొక్కిపెడితే ఆ కబురు ఆగిపోతుంది, కొరత మాత్రం పోదు. డబ్బుకు బదులు క్యూలో గంటలతోనో, పలుకుబడితోనో, బ్లాక్ మార్కెట్లోనో మూల్యం చెల్లించాల్సి వస్తుంది. అమెరికాలో 1971లో అధ్యక్షుడు నిక్సన్ ధరలనూ వేతనాలనూ స్తంభింపజేశాడు. 1973 చివర్లో అరబ్ దేశాలు చమురు ఆపేసేనాటికి పెట్రోలు ధరలపై నియంత్రణ ఇంకా ఉంది. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. పశ్చిమ జర్మనీలో 1948లో ఆర్థిక పాలన చూస్తున్న లుడ్విగ్ ఎర్హార్డ్ చాలా వస్తువులపై నియంత్రణ ఎత్తేయగానే దాచిన సరుకు దుకాణాల్లోకి వచ్చింది. అప్పుడే కొత్త కరెన్సీ కూడా వచ్చింది, దాని పాత్ర తక్కువేం కాదు.

కాలుష్యం, గుత్తాధిపత్యం లాంటి చోట్ల ధరే తప్పుడు కబురు మోస్తుంది. అక్కడ ప్రభుత్వం కలగజేసుకోవాల్సిందే. ఇక పేదల సంగతి: కనీస ఆదాయ భద్రతను హయెక్ కూడా ఒప్పుకున్నాడు. ధరను కదపకుండా, అవసరమైనవాళ్ల చేతికి నేరుగా డబ్బివ్వమని ఈ వాదుల్లో చాలామంది అడుగుతారు.