బోరు నీళ్లకి షాంపూ బార్ పనికొస్తుందా?

ప్లాస్టిక్ తగ్గించుకోడానికి షాంపూ సీసాలు మానేసి, బిళ్లలా ఉండే షాంపూ బార్‌కి మారితే అది బోరు నీళ్లకి పనికొస్తుందా, ఒంటికి కూడా షవర్ బార్ విడిగా కొనాలా అని అడిగారు కదా. రెండోదానికి జవాబు చిన్నదే: అక్కర్లేదు. మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్న సబ్బుబిళ్లే షవర్ బార్. మధ్యలో వచ్చి చేరిన బాడీవాష్ సీసాని సాగనంపితే చాలు. అట్ట మీద టీఎఫ్‌ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం, ఆపైన ఉంటే అది గ్రేడ్ 1 సబ్బు. ఖరీదైన బార్ల అవసరం నాకైతే కనిపించలేదు.

అసలు పేచీ అంతా తల దగ్గరే. షాంపూ బార్ అనే పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. ఒకటి నూనెలకి కాస్టిక్ సోడా కలిపి చేసే సబ్బే. హ్యాండ్‌మేడ్, కోల్డ్ ప్రాసెస్ అని రాసి అమ్మేవి ఎక్కువగా ఇవే. రెండోది సీసా షాంపూలో ఉండేలాంటి నురగ పదార్థాలని నీళ్లు లేకుండా గట్టి బిళ్లగా చేసింది.

మాది హైదరాబాద్‌లో బోరు మీదే నడిచే అపార్ట్‌మెంట్. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది చూడండి, ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నీళ్లకి కరగని జిడ్డు తయారవుతుంది. అది జుట్టుని పట్టుకుంటుంది, దువ్వెన పళ్లకీ అంటుకుంటుంది. పైగా సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, అంటే క్షారగుణం ఎక్కువ, కాబట్టి జుట్టు గరుకై చిక్కులు పడుతుంది. అమ్మేవాళ్లు దీన్ని 'డీటాక్స్ దశ, కొన్ని వారాలు ఓపిక పట్టండి' అంటారు. నీళ్లు అవే అయినప్పుడు ఓపిక పడితే ఏం మారుతుంది? బోరు కాకుండా మంజీరా నది నీళ్లు కుళాయిలో వచ్చే మా చెల్లెలింట్లో మాత్రం సబ్బు రకమే హాయిగా నడుస్తోంది.

కాబట్టి అట్ట వెనక చదవండి. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటి పేరు మొదట్లో ఉంటే రెండో రకం, బోరు నీళ్లకి అదే నయం. సోడియం పామేట్, సోడియం కోకోయేట్, సపోనిఫైడ్ ఆయిల్ అని ఉంటే సబ్బు. అదే వాడాలనుకుంటే చివర్లో మగ్గు నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి తల మీద పోసుకుంటే జిడ్డు కొంత వదులుతుంది.

బిళ్లని కత్తితో రెండు ముక్కలు చేసి ఒకటే బయట పెట్టండి. నీళ్లలో నానితే డబ్బులు కాలవలోకి పోయినట్టే. చిల్లుల సబ్బుపెట్టెలో, అడుగున బీరకాయ పీచు ముక్క వేసి పెడితే ఆరిపోతుంది. పొడుగు జుట్టు మీద నేరుగా రుద్దకండి, చేతుల్లో నురగ చేసి కుదుళ్లకి పట్టించండి. కొబ్బరినూనె దట్టంగా పెట్టిన రోజు రెండుసార్లు రుద్దాల్సిందే.

మా అత్తగారు ఇవేవీ ముట్టుకోరు. ఆవిడకి కుంకుడుకాయలే, సంచీ పట్టుకెళ్లి విడిగా తెచ్చుకుంటారు. ప్లాస్టిక్ లెక్కన చూస్తే ఇంట్లో ఆవిడే అందరికంటే ముందున్నారు. కొట్టి నానబెట్టే తీరిక, కళ్లు మండితే ఓర్చుకునే ఓపిక ఉంటే మీకూ అదే చవక.

బార్ నచ్చకపోతే మళ్లీ సీసాకే వెళ్లండి గానీ రూపాయి ప్యాకెట్లకి మాత్రం పోకండి. సీసానైనా పాత సామాన్లవాడు తీసుకుంటాడు, పొరలు పొరలుగా అతికిన ఆ కవర్లని ఎవరూ ఏరుకోరు.